నాలుగో నెలలో అమ్మకానికొచ్చిన గానుగ: ఒక కేస్ స్టడీ

గ్రామాల్లో సొంతంగా పని మొదలుపెట్టాలనుకునే వాళ్లకు శిక్షణ ఇవ్వడం, ఆ తర్వాత రెండేళ్ల పాటు వాళ్ల యూనిట్ల బాగోగులు చూడడం నా పని. పనిచేసేది ఉమ్మడి పాలమూరులో. కాగితం మీద ఇప్పుడది ఐదు జిల్లాలు. పల్లీలు, కూలీల వలసలు, బంధుత్వాలు మాత్రం పాత జిల్లా హద్దుల్లోనే తిరుగుతుంటాయి.

ఈ కేసులో వ్యాపారం తప్పు లేదు. సరుకుకు గిరాకీ ఉంది, మెషిన్ బాగుంది, లోన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయి. అయినా నాలుగో నెలలో మూతపడే దాకా వచ్చింది. అందుకే రాస్తున్నాను. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో షెడ్డుకు ఒక గడి ఉంటుంది, కరెంటుకు ఒక గడి ఉంటుంది, ముడిసరుకుకు ఒక గడి ఉంటుంది. పెట్టే మనిషి, ఆయన ఇంటివాళ్లు రాబడి లేకుండా ఎన్ని నెలలు తట్టుకోగలరో రాసే గడి ఎక్కడా ఉండదు. ఆ ఖాళీ ఎంత ప్రమాదమో ఈ కేసు చూపిస్తుంది.

భార్యాభర్తలిద్దరి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆయనకు నలభై దగ్గర పడుతున్నాయి. తల్లిదండ్రులు మేస్త్రీల వెంట ముంబై, పుణె వైపు మట్టి పనికి వెళ్లిన వాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన తరం అది. కొడుకు మాత్రం ఇంటర్ చదివి, హైదరాబాద్ శివారులో ఒక గోదాంలో స్టోర్ ఇన్‌చార్జిగా పన్నెండేళ్లు చేశాడు. జీతం ఇరవై రెండు వేలు, ఒకటో తారీఖున ఠంచనుగా పడేది. ఊళ్లో తండ్రికి ఆరోగ్యం బాగాలేక, పిల్లల చదువులకు సిటీ ఖర్చు మోయలేక తిరిగొచ్చేశాడు.

గానుగ ఎంచుకోవడంలో ఆయన ఆలోచన బాగుంది. ఇక్కడ యాసంగిలో పల్లీ పెద్ద పంట. దసరా, దీపావళి నాటికి విత్తితే జనవరి నుంచి మార్చి మధ్యలో చేతికొస్తుంది. బాదేపల్లి, వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి మార్కెట్ యార్డులు ఆ మూడు నెలలు పల్లికాయ రాశులతో నిండిపోతాయి. చుట్టుపక్కల టౌన్లలో గానుగ నూనె అడిగేవాళ్లు పెరిగారు. గోదాంలో చేసిన మనిషి కాబట్టి సరుకు నిల్వ, లెక్క ఆయనకు కొత్త కాదు.

పీఎంఈజీపీ, అంటే సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్ మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం కింద ఆరు లక్షల ప్రాజెక్టు. మోటారు గానుగ, పల్లికాయ ఒలిచే మెషిన్, స్టీలు డ్రమ్ములు, త్రీఫేజ్ కనెక్షన్, కొంత ముడిసరుకు అందులోనే. ఆయన వర్గానికి సొంత వాటా 5 శాతం, పల్లెలో పెడుతున్నందుకు సబ్సిడీ 35 శాతం. ఈ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో జమ అవుతుంది. కిస్తీలకు బ్యాంకు ఆరు నెలల వెసులుబాటు ఇచ్చింది. ఆ తర్వాత నెలకు సుమారు ఎనిమిది వేలు.

ఇదంతా ఫైల్లో ఉన్నది. ఫైల్లో లేనిది ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ల కష్టంలో మిగిలిన రెండు లక్షలు. ఇంటి ఖర్చుకు ఉండాల్సిన ఆ డబ్బు రోడ్డు వైపు షెడ్డును పెద్దది చేయడానికి, లైట్ల బోర్డుకు, శ్రావణమాసంలో ఓపెనింగ్ రోజు శామియానాకు, దావత్‌కు పోయింది. తక్కువ పడితే బామ్మర్ది దగ్గర లక్ష చేబదులు తీసుకున్నాడు. "మూడు నెలల్ల ఇచ్చేస్త" అని మాట ఇచ్చాడు. ఆ గడువు బామ్మర్ది అడగలేదు. ఈయనే పెట్టుకున్నాడు.

వచ్చిన సమస్య

కార్తీకమాసం చివర్లో మా ఆఫీసుకు వచ్చి ఆయన అడిగిన మొదటి మాట: "సార్, మెషిన్ కొనేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి. అమ్మేద్దామనుకుంటున్న."

ఎందుకు అని అడగకుండా లెక్కల పుస్తకం చూపించమన్నాను. మనిషి నోటితో చెప్పలేనిది చాలాసార్లు అందులో ఉంటుంది. పొడుగు పుస్తకం, నాలుగు మూలలా పసుపు. మొదటి పేజీల్లో స్కేలు పెట్టి గీసిన గళ్లు, నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు. దసరా దాటాక గళ్లు పోయాయి. ఆ తర్వాత పెన్సిల్, కొట్టివేతలు. చివరి నెలలో రెండు పేజీలు చింపేసి ఉన్నాయి. లీటరు ధర మొదట 340. తర్వాత 300, మళ్లీ 320, ఇప్పుడు 280.

మాటల్లో మిగతాది బయటికొచ్చింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. చిన్న కొడుకు మీద చెయ్యి చేసుకున్నాడు, అది చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. పెళ్లిళ్లకు, శుభకార్యాలకు వెళ్లడం మానేశాడు, ఎవరో ఒకరు "ఎట్లుంది బిజినెస్?" అని అడుగుతారని. బంధువులెవరో చెబితే సెకండ్ హ్యాండ్ పిండి గిర్నికి సగం డబ్బు కట్టి బేరం చేసుకున్నాడు. అప్పుడే తీసిన నూనెను మడ్డి దిగి తేరనివ్వకుండా సీసాల్లో పోసి అమ్మాడు, కొన్నవాళ్లు కొందరు తిరిగిచ్చారు. దసరా నెలలో 160 లీటర్లు పోయిన నూనె కార్తీకంలో 120కి తగ్గింది. పండుగ వెళ్లాక ఎవరికైనా తగ్గేదే. ఆయనకు మాత్రం అది పతనంలా కనిపించింది.

ఇక్కడ వ్యాపారం సంగతి పక్కన పెట్టి ఒక ప్రశ్న సూటిగా అడిగాను: "చచ్చిపోవాలన్న ఆలోచన ఏమన్నా వస్తున్నదా?" నిద్ర పోయి, అప్పుల భయంతో, జనానికి దూరంగా తిరిగే మనిషిని ఈ మాట అడగాల్సిందే. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అడగడం వల్ల మనిషికి ఊపిరాడుతుంది. "అట్లాంటిది లేదు సార్, పిల్లలున్నరు. కాని ఎటన్న పారిపోవాలనిపిస్తది" అన్నాడు. ఆలోచన ఉందని చెప్పి ఉంటే అమ్మడం, కొనడం గురించి ఇంకేం మాట్లాడేవాణ్ని కాదు, ఇంటివాళ్లను పిలిపించి నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ నంబరు 14416, పుస్తకం అట్ట వెనక రాయించాను. తెలుగులోనే మాట్లాడతారని, డబ్బు కట్టనక్కర్లేదని చెప్పాను. నిద్ర సంగతి పీహెచ్‌సీలో చూపించుకున్నాడు.

అసలు సంగతి ఎక్కడుంది

ఇలాంటి కేసులో ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. వ్యాపారమే నడవనిదా, లేక నడిచేదాకా మనిషి ఆగలేకపోతున్నాడా? రెండిటికీ మందు వేరు. నడవని వ్యాపారంలో ఓపిక పట్టమంటే ఇంకా ముంచినట్టే.

పుస్తకంలో ధరలు వదిలేసి పేర్లు చూశాను. గోదాం అలవాటు వల్ల కొన్నవాళ్ల పేర్లు రాసుకున్నాడు, అది చాలా ఉపయోగపడింది. 340 ఉన్నప్పుడు కొన్న ఇళ్లలో మూడో వంతుకు పైగా మళ్లీ వచ్చాయి. ఎక్కువ ధరకు రెండోసారి వచ్చారంటే సరుకు నచ్చినట్టే. ఇక గిరాకీ మీద నాకు అనుమానం లేదు.

తర్వాత తారీఖులు చూశాను. ధర మార్చిన ప్రతిసారీ నెల మొదటి వారమే. గిర్నికి అడ్వాన్స్ ఇచ్చింది మూడో తారీఖున. తేరని నూనె అమ్మింది కూడా ఆ రోజుల్లోనే. పన్నెండేళ్లు ఒకటో తారీఖు జీతం చూసిన ఇల్లు అది. స్కూలు వ్యాన్, పాలబిల్లు, తండ్రి బీపీ గోలీలు, మహిళా సంఘం కిస్తీ అన్నీ ఆ వారంలోనే వస్తాయి. ఇంట్లో డబ్బు అడిగిన రోజు ఆయన వ్యాపారం గురించి నిర్ణయం తీసుకుంటున్నాడు. మిగతా మూడు వారాల్లో ఒక్క పిచ్చి నిర్ణయం లేదు.

ఇంకోటి. శ్రావణంలో మొదలుపెట్టాడు. ఆయన గానుగ ఇంకా ఒక్క యాసంగి పంట చూడలేదు. పాత పల్లీలు ఎక్కువ ధరకు కొని ఆడిస్తున్న నెలలవి. కొత్త పంట రాకముందే ఫలితం తేల్చేస్తున్నాడు.

పనిచేయనివి

నా దగ్గరికి రాకముందే బంధువులు చాలా ధైర్యం చెప్పారు. "ఓపిక పట్టు, అన్ని సర్దుకుంటయ్" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఎన్నాళ్లో చెప్పకుండా ఓపిక పట్టమంటే వినేవాడికి అది అంతులేని శిక్షలా ఉంటుంది. పైగా ధైర్యం చెప్పిన నోటితోనే పక్కన గిర్ని కూడా పెట్టమన్నారు. ఊళ్లో అప్పటికే గిర్నీలున్నాయి.

ధర తగ్గించడం ఆయనకు బాగా నష్టం చేసింది. ఆ సీజన్లో ఒలిచిన పల్లీ కిలో 115 రూపాయలు. లీటరు నూనెకు రెండున్నర కిలోలు కావాలి, అంటే 287. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే 65 దాకా తిరిగొస్తుంది. కరెంటు, సీసా, కూలీ కలిపి నలభై వేసుకుంటే లీటరు 260 పడుతుంది. 340కి అమ్మితే ఎనభై మిగిలేది. 280కి ఇరవైకి పడిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ నమ్మకం మీద. ఇది పల్లీలు పండించే నేల, ఈ లెక్క ఇంటింటికీ తెలుసు. "పల్లీలే అంత ధరుంటే నువ్వు 280కి ఎట్లిస్తున్నవ్? పామాయిల్ కలుపుతున్నవా?" అని ఒకరు మొహం మీదే అడిగారు. ముందు 340 పెట్టి కొన్నవాళ్లు, మా దగ్గర ఎక్కువ గుంజావు కదా అన్నారు.

మా పనిలో మామూలుగా చేసేది, నెలకు ఎన్ని లీటర్లు అమ్మితే గట్టెక్కుతారో కాగితం మీద వేసి చూపడం. చాలామందికి అది ధైర్యమిస్తుంది. ఈయనకూ వేశాం. ఇంటి ఖర్చు పద్నాలుగు వేలు, రాబోయే కిస్తీ ఎనిమిది వేలు, పాత ధరకు అమ్మితే 275 లీటర్లు. లెక్క సరైనదే. కానీ నిద్ర లేని మనిషికి 120కీ 275కీ మధ్య ఉన్న దూరం ఒక్కటే కనపడింది. మర్నాడే టౌన్లో కిరాణా షాపులు తిరిగి ఉద్దెరకు సీసాలు పెట్టి వచ్చాడు. ఆ పైసలు వసూలు కావడానికి నెలలు పట్టింది. దీన్ని బట్టి క్రమం మార్చాను. వ్యాపారం లెక్క పక్కకు, ఇంటి లెక్క ముందుకు.

అమ్మేయొద్దని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. భయంలో ఉన్న మనిషితో వాదిస్తే ఆయన తన భయం తరఫునే వాదిస్తాడు. "అమ్ముదాం, తారీఖు పెట్టుకుందాం, ఆ లోపల అమ్మితే ఏం పోతుందో చూద్దాం" అన్నాను. సబ్సిడీ రెండు లక్షల చిల్లర ఇంకా ఆయనది కాలేదని, యూనిట్ మూసేస్తే అది దక్కదని అప్పుడు విన్నాడు. శిక్షణలో చెప్పిన మాటే, కానీ ఆ రోజుల్లో చెవికెక్కలేదు.

పనిచేసినవి

రెండోసారి వాళ్ల ఇంట్లో కూర్చున్నాం. భార్య లేకుండా మాట్లాడనని ముందే చెప్పాను. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, సంఘంలో సభ్యురాలు. ఆమె ఎదురుగా ఉంటే రెండు జరుగుతాయి. ఇంటి ఖర్చు అసలు అంకె బయటికొస్తుంది, మగమనిషి దాచుకున్న మాటలు బయటికొస్తాయి. మూడు నెలల గడువు సంగతి ఆమెకు తెలియదు.

"మా తమ్ముడు అడిగిండా మూడు నెలలని?"

"అడగలే. నేనే అన్న."

"మరి ఎవలు తరుముతున్నరని ఉరుకుతున్నవ్?"

ఆయన తల వంచుకున్నాడు. నేను రాసి పెట్టుకున్న ప్రశ్నల కంటే ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది.

కుట్టుపనిలో ఆమెకు నెలకు ఐదు వేలు వస్తాయి. పద్నాలుగు వేలలో తొమ్మిది వేలు తక్కువ పడుతుంది. ఆ తొమ్మిది వేలు గానుగ నుంచి కాకుండా వేరే దారిలో వస్తే, ఒకటో తారీఖు గానుగను బెదిరించదు. జనవరి నుంచి మార్కెట్ యార్డులో సీజన్. అడ్తి (కమీషన్ ఏజెంట్) దగ్గర చిట్టా రాసేవాళ్లు దొరకక వెతుక్కుంటారు. పొద్దున పూట పని, పన్నెండేళ్లు స్టోర్ లెక్కలు రాసిన మనిషికి ఇట్టే వస్తుంది.

ఆయన ససేమిరా అన్నాడు. "ఓనర్ అని బోర్డు పెట్టుకోని, మళ్ల ఒకరి దగ్గర చిట్టా రాయాల్నా సార్? దావత్ తిన్నోళ్లందరు చూస్తరు. ఊరోళ్లేమంటరు?"

ఈ కేసు మొత్తంలో అసలు మాట ఇదే. ఆయన భయపడింది నష్టానికి కాదు. ఇరవై వేల నష్టం ఎవరికీ చెప్పకుండా మోసేవాడు. నలుగురూ చూస్తుండగా ఒక మెట్టు దిగడం ఆయన వల్ల కావడం లేదు. మన దగ్గర కొత్త పని మొదలుపెట్టే వాళ్లలో చాలామంది ఇక్కడే విరిగిపోతారు. ఓపెనింగ్ ఎంత ఘనంగా చేస్తే ఆ మెట్టు అంత ఎత్తవుతుంది. నేనేదో జవాబు చెప్పేలోపు ఆమె అందుకుంది.

"ఊరోళ్లు మనింటికి సామాన్లు తెచ్చేస్తరా? గోదాంల పన్నెండేండ్లు రాసినవ్, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెట్లొచ్చె? పోరగాని మీద చెయ్యి ఎత్తినప్పుడు రావాలె సిగ్గు."

నేను బలవంతం చేయలేదు. పరువుకు సంబంధించిన నిర్ణయం మనిషి తనంతట తాను తీసుకోవాలి, లేకపోతే సగంలో వదిలేస్తాడు. ఒక్క మాట మాత్రం అన్నాను, అది నిజం కూడా: యార్డులో కూర్చుంటే ఏ ఊరి పల్లీలో గింజ నిండుగా ఉంటుందో, ఏ రైతు బాగా ఎండబెట్టి తెస్తాడో మూడు నెలల్లో తెలిసిపోతుంది, గానుగ నడిపేవాడికి అంతకంటే మంచి బడి లేదు. కొద్ది రోజుల తర్వాత ఫోన్ చేసి, యార్డులో మాట్లాడుకున్నానని చెప్పాడు. జనాలకు చెప్పుకోవడానికి కారణం కూడా అదే వాడుకున్నాడు: "సరుకు నేర్చుకుంటున్న."

తర్వాత బామ్మర్ది దగ్గరికి వెళ్లాలి. నేను వెంట రానన్నాను. ఇంట్లోవాళ్ల మధ్య మాటకు బయటి మనిషి సాక్షి అయితే అది పంచాయితీ అవుతుంది. ఏం చెప్పాలో మాత్రం ముందు పేపర్ మీద రాసుకున్నాం: ఎంత బాకీ, ఇప్పుడు ఎందుకు ఇవ్వలేడు, ఎప్పటినుంచి ఎంత ఇస్తాడు. వచ్చే దీపావళి నుంచి నెలకు ఐదు వేలు. సాకులు వద్దు, నూనె డబ్బా కానుకగా తీసుకెళ్లడం కూడా వద్దన్నాను. "నేను అడిగిన్నా బావా?" అన్నాడట బామ్మర్ది. ఆ వారం నుంచి నిద్ర కొంచెం దారిలో పడింది.

ఆ తర్వాతే వ్యాపారం నియమాలకు వచ్చాం. ఒకటి నుంచి పదో తారీఖు దాకా ధర, అప్పు, కొత్త మెషిన్, ఈ మూడింటి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఎంత మంచి అవకాశమైనా పదకొండో తారీఖు దాకా ఆగాలి. ధర 340కి తెచ్చి ఉగాది దాకా కదపకూడదు. గిర్ని అడ్వాన్స్‌లో కొంత పోయినా సరే బేరం వదులుకోవాలి. రోజూ అమ్మకం రాయాలి, కానీ కూడి చూడడం నెలకు ఒక్కసారే, అదీ ఇద్దరూ కలిసి. చూడాల్సిన అంకె లీటర్లు కాదు, మళ్లీ వచ్చిన ఇళ్లు. లీటర్లు పండుగకు పెరుగుతాయి, మూఢానికి తగ్గుతాయి. మళ్లీ వచ్చిన ఇళ్లు నెమ్మదిగానైనా పైకి పోతుంటే వ్యాపారం వేళ్లు పట్టినట్టు.

ఎప్పుడు మూసేయాలో కూడా అదే రోజు రాశాం. వచ్చే దసరా నాటికి మళ్లీ వచ్చే ఇళ్లు నలభైకి చేరకపోతే మూసేయాలి. బ్యాంకు కిస్తీ వరుసగా రెండు తప్పితే మూసేయాలి, ఎందుకంటే 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కింద పోతుంది, ఆ మచ్చ పడకముందే బయటపడాలి. మూడోది ఆమె రాయించింది: పుస్తెలతాడు గిర్వి పెట్టే మాట ఇంట్లో వచ్చిన రోజే బంద్. ఈ పేజీ రాశాక ఆయన మొహంలో బిగువు తగ్గడం నేను చూశాను. మూసేసే దారి కాగితం మీద ఉంటే రోజూ పొద్దున లేవగానే దాన్ని వెతుక్కునే పని ఉండదు. హద్దు లేని ఓపిక మొండితనంలోకి జారిపోతుంది, ఆ జారడం మనిషికి తెలియదు.

నూనె తేరడం గురించి ఒక చిన్న పని చేశాం. ఒకే రోజు గానుగ నుంచి దిగిన నూనె రెండు గాజు సీసాల్లో పోశాం. ఒకటి అలాగే మూతబెట్టి ఇంటి వంటకు ఇచ్చాం. రెండోది అలమరలో నాలుగు రోజులు కదపకుండా ఉంచాం. మొదటిదాంతో గారెలు వేస్తే మూకుడు అంచు దాకా నురుగు పొంగింది, అడుగున నల్లటి మడ్డి. రెండో సీసాలో కింద వేలి మందాన మడ్డి దిగి, పైన నూనె తేటగా నిలబడింది. పైనుంచి వంచి వాడితే నురుగు బాగా తగ్గింది. "మేం తిరిగిచ్చినప్పుడు ఇదే చెప్పినం" అని పక్కింటావిడ అంది. అప్పటినుంచి డ్రమ్ముల మీద తారీఖు సుద్దముక్కతో రాస్తున్నారు, నాలుగు రోజులు నిండనిది సీసాలోకి పోదు.

సంక్రాంతి తర్వాత కొత్త పల్లీలు దిగాయి, దాంతో మేం అనుకున్న దానికంటే మంచి దారి తెరుచుకుంది. రైతులు ఇంట్లోకి ఉంచుకున్న పల్లీలు ఇరవై, ముప్పై కిలోలు తెచ్చి ఆడించుకుపోవడం మొదలుపెట్టారు. ఆడించే కూలీ రోజూ చేతికి నగదు, సరుకు మీద పెట్టుబడి లేదు. కొందరు కూలీకి బదులు చెక్క వదిలేసి పోతారు, అది బర్రెలున్న వాళ్లు పట్టుకుపోతారు. కళ్లముందే తమ పల్లీ నూనె అవడం చూసినవాళ్లు పామాయిల్ మాట మళ్లీ ఎత్తలేదు. పొద్దున ఆయన యార్డులో, గానుగ దగ్గర ఆమె. సాయంత్రం ఇద్దరూ.

మార్చిలో ఒక పరీక్ష వచ్చింది. రెండు నెలలు బాగా నడిచేసరికి ఆయనకు ఇంకో రకం తొందర పట్టుకుంది. యార్డులో ఒక లాట్ తక్కువ ధరకు వస్తోందని, మిత్తికి తెచ్చి మొత్తం కొనేస్తానని ఫోన్ చేశాడు. ఆ రోజు ఆరో తారీఖు. "పదకొండు దాకా ఆగాలి కదా" అని ఆయనే అన్నాడు, చెప్పి పెట్టేశాడు. ఈలోపు వెళ్లి కాయలు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాడట. ఎండిన కాయ గలగలమంటుంది. ఇవి మూగగా ఉన్నాయి. తడి కాయ బస్తాల్లో నిల్వ చేస్తే బూజు పడుతుంది, బూజు పల్లీలో పుట్టే విషం, అఫ్లటాక్సిన్, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ లాట్ వదిలేశాడు. కష్టకాలం కోసం పెట్టుకున్న నియమం మంచి నెలలో కాపాడింది.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

కొత్తగా దరఖాస్తు చేసుకునే వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇప్పుడు భార్యో, భర్తో, తల్లో పక్కన ఉండాలంటున్నాను. యూనిట్ గురించి అడిగేముందు ఆరు నెలల ఇంటి ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో అడుగుతున్నాను. ఆ డబ్బు వేరే ఖాతాలో, వీలైతే ఆడవాళ్ల పేరు మీద, వ్యాపారానికి అందకుండా ఉండాలి. ఎవరికి ఏ మాట ఇచ్చావు, ఎన్ని నెలల గడువు చెప్పావు అన్నది రాయించుకుంటున్నాను. చాలామంది అప్పు ఎంతో చెబుతారు, గడువు చెప్పరు. ప్రాణం తీసేది ఆ గడువే. ఓపెనింగ్ దావత్ ఏడాది నిండాక పెట్టుకోమని గట్టిగా చెబుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. అయినా చెబుతున్నాను.

ఒకటి అడిగి తీరుతున్నాను: "ఇది సరిగ్గా నడవని నెలల్లో ఏ పనికైనా, ఎవరి దగ్గరికైనా కూలికి పోగలవా?" దీనికి వెంటనే "పోత" అన్నవాళ్ల గురించి నాకు దిగులు ఉండదు. మాట దాటేసిన వాళ్లను ఈ ఏడు ఆగమంటున్నాను. ధైర్యం లేదని కాదు, ఇంటి ఏర్పాటు ఇంకా కాలేదని.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనికొస్తుందని అనను. ఈయన దగ్గర మళ్లీ వచ్చే కస్టమర్లు ఉన్నారు, పక్కన సీజన్ పని ఉంది, ముక్కుసూటిగా మాట్లాడే భార్య ఉంది. ఈ మూడూ లేని చోట, ముఖ్యంగా మొదటిది లేని చోట, ఇంకో ఆరు నెలలు ఆగమనడం అన్యాయం. అలాంటి యూనిట్లను త్వరగా మూయించడమే మేలు, కొన్నింటిని మూయించాను కూడా.

ప్రస్తుత స్థితి

యూనిట్‌కు ఏడాదిన్నర నిండుతోంది. దసరా నాటికి మళ్లీ వచ్చే ఇళ్లు నలభై దాటాయి, సంక్రాంతి పిండివంటల నెలలో ఇంకా పెరిగాయి. కిస్తీ ఒక్కటి పది రోజులు ఆలస్యమైంది, మిగతావి సరిగ్గా పోతున్నాయి. బామ్మర్దికి నెలనెలా ఐదు వేలు అందుతోంది. ఇంటి ఖర్చు గానుగ పూర్తిగా మోయడం లేదు, వానాకాలం నెలల్లో ఇంకా తక్కువ పడుతోంది, అందుకే ఈ సీజన్లో కూడా యార్డుకు వెళ్తున్నాడు. కిరాణా షాపుల ఉద్దెరలో కొంత రానే లేదు. తండ్రికి మాత్రం కొడుకు సిటీ జీతం వదులుకున్నాడన్న బాధ తగ్గలేదు.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న విషయం పల్లీల నిల్వ. పంట దిగిన నెలల్లో తక్కువ ధరకు కొని కాయగానే దాచుకుంటే వానాకాలంలో మార్జిన్ నిలబడుతుంది. దానికి పెట్టుబడి కావాలి. ఆమె సంఘం నుంచి లోన్ తెస్తానంటోంది, ఆయన కొంచెం భయపడుతున్నాడు. ఎన్ని బస్తాలైతే మొత్తం బూజు పట్టినా ఇల్లు కదలకుండా ఉంటుందో ముందు తేల్చమన్నాను. ఆ లెక్క వేసుకుని పదకొండో తారీఖు తర్వాత ఇద్దరూ వస్తామన్నారు.